అమ్మీ గదికి చెక్క నేల

మా అమ్మీ మహమూదా పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉండేదట. శ్రీశైలం డ్యాం నీళ్లు వచ్చి ఊరు మునిగేనాటికి ఆమెకు పదేళ్లు. పాన్‌గల్‌లో మా అబ్బా గౌస్ పాషాతో కాపురం చేసిన ఇన్నేళ్లలో ఆమె ఎక్కువగా తలుచుకున్నది ఆ ఊళ్లో తమ ఇంటి మీద ఉన్న చెక్క గదిని.

మా తాత పడవలు చేసేవాడు. నల్లమల కలపతో ఇంటి మీద ఒక గది వేసుకున్నాడు. దాని నేలంతా టేకు పలకలే.

"చలికాలం ఉత్తకాళ్లతో నడిచినా జిల్లుమనకపోయేది బిడ్డా. చెవి పెట్టి పండుకుంటే కింద మా అమ్మ రొట్టె తట్టేది ఇనొచ్చేది" అని చెప్పేది అమ్మీ.

ఊరు ఖాళీ చేసేటప్పుడు తాత ఆ పలకలు ఊడదీసి ఎద్దుబండి మీద వీపనగండ్లకు తెచ్చాడు. కొత్త ఇంట్లో వేద్దామనుకున్నాడు. ఇల్లు లేవకముందే వానలు పట్టుకున్నాయి. గుడిసెలో పొడి పుల్ల లేదు. ఒక్కొక్క పలకే పొయ్యిలోకి పోయింది. "గా అన్నం నేను గూడ తిన్న" అనేది అమ్మీ.

అబ్బాది నేలలు వేసే పని. మొదట బండలు పరిచాడు, తర్వాత టైల్స్ వేశాడు. హైదరాబాద్ పోయి చెక్క నేలల పని నేర్చుకున్నాడు. ఎవరెవరి ఇళ్లో అద్దంలా తీర్చిదిద్దాడు గానీ మా ఇంట్లో మాత్రం ఉత్త కాంక్రీటే. పోయినేడు మోకాళ్లు మొరాయించి ఇంటికి వచ్చేశాడు. ఒక పెద్ద పనిలో మిగిలిన చెక్క పలకల పెట్టెలు తీసుకుపొమ్మని సేటు అంటే, వాటిని డీసీఎం వ్యానులో వేసుకొచ్చాడు.

అమ్మీ పెట్టె తెరిచి వేలితో రుద్ది చూసింది. "టేకేనా?"

"పై పొర అసలు టేకే. కింద వేరే చెక్క పొరలు పొరలుగ అతికిచ్చిండ్రు. జల్ది వంకరపోదు."

"అయితే రేపే వేయుండ్రి."

"రేపేడ? ముందుగాల కింది నేల సంగతి చూడాలె."

గదిలో కాంక్రీటు మీద ఒక ప్లాస్టిక్ కవరు ముక్క పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించాడు అబ్బా. మర్నాడు పొద్దున పీకి చూస్తే కవరు అడుగున సన్నగా చెమట పట్టింది.

"నేల తడి తాగుతుంది. ఇప్పుడేస్తే పలకలు ఉబ్బుతయి" అన్నాడు.

అమ్మీకి కోపం వచ్చింది. "అప్పుడు నా ఇల్లు నీళ్లే తీస్కపోయినయి. ఇప్పుడు గూడ నీళ్ల మాటేనా?"

అబ్బా గడ్డపార తీసుకుని ఇంటి వెనక్కి పోయాడు. స్నానాల నీళ్లు గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. అక్కడి నుంచి నిమ్మచెట్టు దాకా కాలువ తవ్వాడు. నేను వనపర్తిలో బట్టలు కుట్టుకుని బతుకుతాను. ఆ ఆదివారం ఇంటికొచ్చి మట్టి తట్టలు నేనే మోశాను. ఎండాకాలమంతా గది కిటికీలు తెరిచి ఉంచారు. అమ్మీ మంచం వసారాలోకి మారింది. మళ్లీ కవరు అతికించి చూసినప్పుడు అది పొడిగా వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు పని. కాంక్రీటులో ఎత్తుగా ఉన్నచోట మెషీన్‌తో అరగదీసి, గుంటలు పూడ్చాడు అబ్బా. దుమ్మంతా ఊడ్చాక, ఎత్తుపల్లాలు చూడటానికి పొడుగాటి అల్యూమినియం పట్టీని నేల మీద పెట్టాడు. రెండో కొస పట్టుకోవడానికి నేను వంగబోయాను. అమ్మీ నన్ను పక్కకు నెట్టి తానే పట్టుకుంది. పెళ్లైన కొత్తలో బండల పనికి ఇద్దరూ కలిసే పోయేవాళ్లట.

"కింద వెలుతురు కనపడ్తుందా?" అబ్బా అడిగాడు.

"నా దిక్కు లేదు. మీ దిక్కు జర ఉంది."

"కండ్లు ఇంక మంచిగనే ఉన్నయి నీకు."

అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లైన కొత్తలో ఆమె ఎలా ఉండేదో నాకు ఒక్క క్షణం కనిపించింది.

ఆ పల్లం కూడా పూడ్చాక, తడి పైకి రాకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు గోడల మీదికి మలిచాడు. దాని మీద మెత్తటి ఫోమ్ షీటు. దానిపైన పలకలు ఒకదానిలో ఒకటి బిగుస్తూ పోయాయి. ఉబ్బినా చోటు ఉండాలని గోడల పక్కన సందు వదిలాడు.

పనైపోయాక అమ్మీ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. మడమతో తన్ని చూసింది.

"సప్పుడేది?"

"సప్పుడు రావొద్దనే గదా గింత కష్టపడ్డది! కిర్రుమంటే నా పని ఖరాబైనట్టు" అన్నాడు అబ్బా గర్వంగా.

"మా గదిల నేను ఏ మూలకు నడిచినా కింద మా అమ్మకు తెలిసేది. 'మహమూదా, కిటికీ కాడికి పోకు' అని ఆడికెళ్లే ఒర్రేది."

చెబుతూ చెబుతూనే ఆమె కన్నీళ్లతో నేల మీద కూర్చుండిపోయింది. అబ్బా చేతిలోని సుత్తి పక్కన పెట్టాడు. నొప్పెట్టే మోకాళ్లు ముడుచుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నాడు.

"గా కిటికీ ఏ దిక్కుండే?"

ఇన్నేళ్లలో అబ్బా ఆ మాట అడగడం నేను వినలేదు. అమ్మీ కళ్లు తుడుచుకుని లేచింది. "గీడ కిటికీ. తెరిస్తే ఏరు. గీడ నిచ్చెన. ఈ మూలకు మా నాయన ఉలులు, చిత్రిక." గది నాలుగు మూలలూ తిరిగి చూపించింది. అబ్బా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చేదాకా మాకెవరికీ వంట గుర్తు రాలేదు.

ఈ చలికాలం అమ్మీ మంచం ఎక్కడం మానేసింది. నేల మీదే బొంత పరుచుకుంటోంది. మొన్న నేను పోయేసరికి, పక్కింటి నర్సమ్మ పెద్దమ్మతో కలిసి అదే నేల మీద చింతపండు కుప్ప పోసుకుని గింజలు తీస్తోంది. అబ్బా గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు.

"మరకలైతయి, బయటికి తీయుండ్రి!"

"బయట బండలు సల్లగున్నయి పాషన్నా" అంది నర్సమ్మ పెద్దమ్మ. చేట ఇంకాస్త లోపలికి జరుపుకుంది.