ఎగిరే ఉడుతకు ఫస్ట్ ర్యాంకు

ఆ రోజుల్లో ఈ లోకంలో మార్కులు వేయలేనిది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కిరాయికి గది చూడాలంటే నీళ్లకు ఇన్ని, గాలికి ఇన్ని, ఓనరు నోటికి ఇన్ని అని మార్కులు వేసి కూడేవాణ్ణి. (ఓనరు నోటికి మైనస్ మార్కులు కూడా ఉండేవి.) చిక్కడపల్లిలో ఏ బండి దగ్గర మిర్చి బజ్జీ తినాలన్నదీ ఇలాగే తేల్చేవాణ్ణి, తేలేలోపు బజ్జీలు అయిపోయేవి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. డిగ్రీలో చదివింది చరిత్ర. గ్రూప్స్ పరీక్షల కోసం ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో పడ్డాక, అరిథ్‌మెటిక్ పుస్తకాలను నా అంతట నేనే నమిలి మింగాను. సొంతంగా విద్య నేర్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. కొత్త కత్తెర దొరికిన పిల్లవాడిలా కనబడినదాన్నల్లా కత్తిరించి చూస్తాడు. నేను కత్తిరించినవాటిలో ఒకటి తలచుకుంటే, జుట్టు సగం నెరిసిన ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.

అందరి చేతుల్లోకీ కొత్తగా వీడియోలు చూసే ఫోన్లు వస్తున్న కాలం. సర్కారు కొలువుల నోటిఫికేషన్లు మాత్రం రావడం లేదు. ఊరికే కూర్చోలేక నారాయణగూడలో పెంపుడు జంతువుల దుకాణంలో పనికి కుదిరాను. దాని యజమానిని అందరూ చేపలన్న అనేవారు. (కూరకు పనికొచ్చే చేపలు కావు, అద్దాల తొట్టిలో తిరిగే రంగు చేపలు.) ఆయన చేపలతో మొదలుపెట్టి, లవ్‌బర్డ్స్‌కూ కుందేళ్లకూ ఎదిగి, చివరికి ఎక్కడి నుంచో ఒక జత షుగర్ గ్లైడర్లను తెప్పించాడు. పిడికిట్లో పట్టేంత జంతువు. బూడిద రంగు ఒళ్లు, నుదుటి మీదుగా వీపు మీదికి పాకిన నల్ల గీత, మొహమంతా కళ్లే. ముందుకాలికీ వెనకకాలికీ మధ్య చర్మం గొడుగు గుడ్డలా సాగుతుంది. పైనుంచి దూకిందంటే గాలిలో తేలుతూ వచ్చి వాలుతుంది. వచ్చిన ప్రతివాడూ "అన్నా, గీ ఎగిరే ఉడుత ఏం తింటది?" అని అడిగేవాడు. చేపలన్నకు ఒళ్లు మండిపోయేది. "ఉడుత అంటే జామచెట్టు మీద గూడ ఉంటది, మన దగ్గరికెందుకొస్తరు? అరే లెక్కలూ, గ్లైడర్ వేరు, ఎగిరే ఉడుత వేరు అని మంచిగ ఒక బోర్డు రాసి పెట్టు. జర మనదే గొప్పగుండాలె" అన్నాడు. (లెక్కలు అన్నది నా మార్కుల పిచ్చి చూసి నాకు పెట్టిన పేరు.)

రాయడం వరకు నాకు సమ్మతమే. ఆ చివరి మాట దగ్గరే చిక్కు వచ్చింది. మార్కుల విషయంలో పక్షపాతం నా ఒంట్లో లేదు. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రెండిటి గురించీ చదివాను. గ్లైడర్ అసలు ఉడుత జాతే కాదు, కంగారూలాగా కడుపు సంచిలో పిల్లను మోసే జాతి. ఎగిరే ఉడుత నిఖార్సైన ఉడుత. కొరికే పళ్లు, తెడ్డులా చదునైన తోక. బోర్డు మీద గళ్లు గీసి మార్కులు వేశాను. గ్లైడర్‌కు తేనె, పండ్లు, పురుగులు అన్నీ సమపాళ్లలో కుదరాలి: మార్కులు కోత. చీకటి పడితే కుక్కపిల్లలా మొరుగుతుంది: కోత. జంటగానే ఉండాలి, ఒంటరిదైతే దిగులుతో తిండి మానేస్తుంది: సున్నా. అన్నీ కూడి చూస్తే ఎగిరే ఉడుత ఫస్టు వచ్చింది. చేపలన్న గళ్ల అందం చూసి మురిశాడే తప్ప కూడిక చదవలేదు. నేను జీవితంలో ఎగిరే ఉడుతను చూసి ఉండలేదన్నది వేరే సంగతి. (చూస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని, చూడకపోవడమే మేలనుకున్నాను.)

వారం తిరక్కముందే దుకాణానికి వచ్చేవాళ్లంతా ఫస్టు వచ్చినదాన్నే అడగడం మొదలుపెట్టారు. ఒక పొద్దున అటవీ శాఖలో పనిచేసే ఒక పెద్దాయన కుక్క బిస్కెట్ల కోసం వచ్చి, బోర్డు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ పైనుంచి కిందిదాకా చదివాడు. "గీ ఫస్టొచ్చిన జంతువేది?" అన్నాడు. చేపలన్న లేచి నిలబడ్డాడు. "లేదు సార్." "లేనిదానికి ర్యాంకు ఎందుకిచ్చిన్రు?" "పిలగాడు సార్... లెక్కల్ల జర హుషారు." పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, గది మన అడవుల్ల ఉండే జీవి. ఇంట్ల పెట్టుకుంటె కేసైతది. మొరుగుడుకు గడి గీసినవ్, చట్టానికి గీయలేదేంది?" ఆ గడి నాకు తట్టనే లేదు. ఆయన వెళ్లగానే చేపలన్న బోర్డును గోడవైపు తిప్పేసి, "అరే, పరీక్షకే రానోనికి ఫస్ట్ ర్యాంకిచ్చినవ్ గదరా!" అని తల పట్టుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నేను కూడా హాయిగా నవ్వేవాణ్ణి. చేపలన్న లేని ఒక మధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చి గ్లైడర్ల పంజరం ముందు నిలబడ్డాడు. "అన్నా, మా అమ్మకు పుట్టినరోజుకియ్యాలె. ఒక్కటే ఇస్తవా? రెండంటే ఇంట్ల లొల్లి" అన్నాడు. జంటను విడదీయకూడదని నాకు తెలియదా? నా చేత్తో నేను రాసిందే. కాని నా బుర్ర ఎలా పనిచేసిందో చెబుతాను, మీరు నమ్మరు. ఒంటరిగా ఉండలేదు అన్నదానికి సున్నా వేశాను కదా, మార్కులు కోసేశాను కదా, ఇక ఆ లోటు లెక్కలోకి వచ్చేసినట్టే, కొత్తగా ఆలోచించాల్సింది ఏముంది అనుకున్నాను. ఒకదాన్ని గుడ్డసంచిలో పెట్టి, తిండి గురించి ఒక ఉపన్యాసం ఇచ్చి, కుర్రాడి చేతిలో పెట్టాను.

మిగిలింది మర్నాటి నుంచి ఏమీ ముట్టలేదు. పంజరం మూలకు ముడుచుకుని తన తోక వెంట్రుకలు తానే పీక్కోసాగింది. చేపలన్న తిరిగి వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ఒంటరిగుంటె తినదని నువ్వే రాసినవ్ గదా?" "రాసిన అన్నా." "రాసి గూడ ఇచ్చినవా?" వెతికి వెనక్కి తెద్దామంటే కొన్నవాడి పేరు అడగలేదు, ఇల్లు అడగలేదు. చేపలన్న దాన్ని తీసి నా చొక్కా జేబులో పెట్టాడు. "మనిషి వేడి తగిలితె బతుకుతదేమో. ఏడికి పోయినా తీస్కపో. గిది చచ్చిపోతె నాకు నీ మొహం సూపెట్టకు."

అలా జేబులో ప్రాణంతో తిరగడం మొదలైంది. హాస్టల్లో నా పక్క మంచం వాడు "లెక్కలన్నా, నీ గుండె బయటికొచ్చి కొట్టుకుంటుంది, డాక్టరుకు సూపించు" అనేవాడు. తేనె చుక్క వేలికి రాసి పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది. పగలంతా నిద్ర. దీపాలు పెట్టే వేళకు జేబులోంచి తల బయటపెట్టి ఎవరికోసమో వెతికేది. ఆ వెతికేది నన్ను కాదు.

ఒక సాయంత్రం చిక్కడపల్లిలో మేమంతా చదువుకునే రీడింగ్ హాలుకు దాన్ని అలాగే తీసుకెళ్లాను. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎప్పుడు పాకిందో, నా తలకెక్కి అక్కడి నుంచి దూకింది. నాలుగు మూలలా చర్మం చాచుకుని, ముగ్గురి పుస్తకాల మీదుగా తేలుతూ పోయి, మా అందరికంటే సీనియర్ అయిన 'తాత' బట్టతల మీద వాలింది. (తాత అసలు వయసు నలభై లోపే, పరీక్షల వయసు వేరు.) హాలంతా లేచింది. "గబ్బిలం బై!" "గబ్బిలం కాదు, ఎగిరే ఉడుత!" "ఉడుత గాదురా, సంచి జంతువు. ఎన్విరాన్‌మెంట్‌ల బిట్టు పక్కా వస్తది!" "ఏదీ, ఆప్షన్లు చెప్పు!" తాత మెడ కదపకుండా, కళ్లు మాత్రం పైకెత్తి, "ముందుగాల దీన్ని దించి తర్వాత ఆప్షన్లు పెట్టుకోన్రి!" అని కేకేశాడు. వాచ్‌మన్ కర్రతో వస్తుంటే నేను అడ్డం పడ్డాను. "అది నాదే. కొట్టకన్నా. పాణం బాలేదు దానికి." జేబులో ఎందుకు పెట్టుకుని తిరుగుతున్నావని అందరూ నిలదీశారు. చెప్పక తప్పలేదు. చెబుతుంటే నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తాత తన తలమీది దాన్ని తానే మెల్లగా తీసి నా చేతికిస్తూ, "అంటే తెలిసే అమ్మినవ్" అన్నాడు. అప్పుడు వెనక బల్ల నుంచి ఒక పిల్లాడు లేచాడు. "అన్నా, బర్కత్‌పురల మా చిన్నమ్మ ఇంట్ల గిసొంటిదే ఉంది. పుట్టినరోజుకు వాళ్ల కొడుకు తెచ్చిండు. అది గూడ తింటలేదంట."

అతణ్ణి పుస్తకాలు కూడా సర్దుకోనివ్వలేదు. బర్కత్‌పురలో ఆ చిన్నమ్మ తలుపు తీసేసరికి ఆవిడ భుజం మీద రెండోది నీరసంగా వేలాడుతోంది. నా జేబులోది ఒక్కసారి మొరిగింది. ఆ భుజం మీదిది బదులు పలికింది. నేను జేబు తెరిచేలోపే దూకింది. రెండూ ఒకదాని మెడలో ఒకటి ముక్కు దూర్చి, ఆవిడ పైటలోనే ఉండలా చుట్టుకున్నాయి. ఏ తోక ఎవరిదో తెలియలేదు. "రెండూ ఉంచుకుంటరా అమ్మా? ఇంట్ల లొల్లి అయితదన్నడు మీ అబ్బాయి" అని అడిగాను. "లొల్లి నాది గాదు బిడ్డా, వాని బద్ధకానిది" అని, ఆవిడ బొప్పాయి ముక్క తెచ్చి పెట్టింది. ముందు వాళ్లది కొరికింది, తర్వాత నాది. వెంటనే నేను తిండి, వెచ్చదనం, శుభ్రత అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు విని, "అదంత సరే. దీని పేరేంది? మాది బంగారం" అంది.

పేరు! అన్నిరోజులు గుండె మీద మోశాను, పేరు పెట్టాలని తోచలేదు. "పేరు... లేదమ్మా." "మరెట్ల పిలుస్తవ్?" తల వంచుకుని నిజమే చెప్పాను. "ఏయ్ అని పిలుస్త." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వి, "పోనీ, అలవాటైన పేరు ఎందుకు మార్చుడు, అదే ఉండనీ" అంది.

ఆ తర్వాత చాలాసార్లు ఆ వీధిలోంచి నడిచాను. గేటు దగ్గర ఆగి ఒక్కసారి పిలిచి చూడాలనిపించేది. కాని పెళ్లి కాని మగవాడు సాయంత్రం పూట ఒక గౌరవమైన ఇంటి ముందు నిలబడి "ఏయ్" అని పిలిస్తే బర్కత్‌పుర వాళ్లు ఊరుకుంటారా? అందుకని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, కిటికీ వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయేవాణ్ణి. ఒకరోజు అలా వంగి ఉండగానే లోపలి నుంచి ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది: "ఏయ్! సిగ్గులేదా నీకు? దిగు పరదా మీదికెల్లి!" లోపల ఉన్నది దిగిందో లేదో తెలియదు. గేటు బయట నేను మాత్రం చటుక్కున లేచి, చేతులు కట్టుకుని, బుద్ధిగా నిలబడ్డాను.