డిక్కీలో గళ్ళ చొక్కా

కూర్చో. అలా గుమ్మంలో ఒంటికాలి మీద కాదు, వచ్చి ఈ చాప మీద సరిగ్గా కూర్చో. ఫోను అవతల పెట్టు. ఆ నోటుబుక్కు తీసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, నీ తెలివితేటలు కలపకూడదు. మధ్యలో "తర్వాతేంటి అమ్మమ్మా" అని తొందరపెట్టావంటే నోరు మూసేసుకుంటాను. తలుచుకుంటేనే మొహం చెల్లని సంగతి ఇది, ఒక్కసారే చెప్పగలను.

ఇందాక షెడ్డులో పాత స్కూటరు డిక్కీ తెరిచి, నల్లగా జిడ్డోడుతున్న గుడ్డ లాగి, "అమ్మమ్మా, ఇదెవరి చొక్కా, పారేయనా" అన్నావా? పారెయ్యకు. గళ్ళు ఇంకా కనపడుతున్నాయి చూడు, నీలం గళ్ళు. అది మీ తాతయ్య చొక్కా కాదు. అది మనింటికెందుకొచ్చిందో రాయి.

అప్పుడు కూడా మేం ఈ ఏలూర్లోనే, ఈ ఇంట్లోనే. నేను కొల్లేరు అంచున ఒక లంక ఊళ్ళో టీచర్ని. మీ తాతయ్య ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎడమ పాపిడి. రోజూ పొద్దున్నే నన్ను స్కూటరు మీద ఊరి మొదట్లో దింపి, వెనక్కొచ్చి ఆఫీసుకెళ్ళేవారు; అక్కణ్ణించి స్కూలుకి నేను గట్టు మీద నడిచి వెళ్ళేదాన్ని. వానాకాలంలో కొల్లేరు పొంగిందంటే నీళ్ళు రోడ్డెక్కి కూర్చునేవి. నీళ్ళలోకి దిగగానే స్కూటరు ఆగిపోయేది. అటూ ఇటూ చేపల చెరువులు, పైన కొంగలు, మెకానిక్ అన్నవాడు ఏలూరు దాకా లేడు. మొదట్లో నేను చీర ఎత్తిపట్టుకుని వెనకనించి తోసేదాన్ని, ఆయన ముందునించి లాగేవారు. చెరువుల దగ్గర ఆయిలింజన్లు సొంతంగా విప్పుకుని బిగించుకునే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆ పెద్దమనిషి మా అవస్థ చూసి, "గుమస్తాగారూ, ఇలా వచ్చి కూర్చోండి, మీకు ప్లగ్గు తియ్యడం నేర్పుతాను" అన్నాడు. అంతే. అక్కడ పట్టుకుంది మీ తాతయ్యకి ఆ పిచ్చి. వారం తిరక్కుండా పానాల సెట్టు కొనుక్కొచ్చారు.

ఇంక చూసుకో, ఇంట్లో ఏ వస్తువూ పాడైపోవడానికి వీల్లేదు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, కుళాయి, మోటారు, అన్నీ ఈయనే. ఒకసారి హాల్లో ఫ్యాను విప్పి బిగించారు, అది వెనక్కి తిరిగి గాలంతా పైకి పోయింది. రెండ్రోజులు ఉక్కపోసి చచ్చాం. "పైన బల్లులకి చల్లగా ఉందండీ" అన్నాను. "వాటికీ ప్రాణమే కదోయ్" అన్నారు. అలా ఉండేది వరస. కానీ స్కూటరు దగ్గర మాత్రం ఎప్పుడూ తప్పు పోలేదు. ప్రతి ఆదివారం చర్చి నించి రాగానే చిరుగుల లుంగీ కట్టుకుని, బనీనుతో, వీధి గుమ్మం ముందు గోనెసంచి పరిచి దాన్ని విప్పేవారు. వెలుగు అక్కడే బాగుంటుందని.

నాకేమో తల కొట్టేసినట్టుండేది. వీధి వీధంతా చూస్తారు కదా. స్కూల్లో మిగతా టీచర్లు భోజనాల దగ్గర "మా వారు మెకానిక్‌ని ఇంటికే పిలిపిస్తారండీ", "మా వారికి స్క్రూ ఎటు తిప్పాలో కూడా తెలీదండీ" అని అదేదో గొప్పలా చెప్పుకునేవారు. నాకూ అలా చెప్పుకోవాలని ఎంత ఉబలాటమో! ఇంటికొచ్చి పోరు పెట్టేదాన్ని.

"ఏవండీ, అందర్లాగా షాపులో ఇచ్చేయొచ్చు కదా?"

"ఇచ్చేయొచ్చు. వాడు ఏం విప్పాడో ఏం బిగించాడో నాకెలా తెలుస్తుంది?"

"తెలుసుకుని ఏం చేస్తారండీ?"

"వెనక కూర్చునేది నువ్వు కదోయ్. బ్రేకు నేను బిగించానంటే నాకు ధైర్యం."

ఈ మాట కింద గీత గియ్యి. అప్పట్లో నేను దాన్ని చెవిన పెట్టలేదు.

రెండువేల మూడో సంవత్సరమో, నాలుగో. మా స్కూలుకి కొత్త హెడ్ మేడం వచ్చారు. తాడేపల్లిగూడెం వాళ్ళు, బెల్లం వ్యాపారం చేసే పెద్ద కుటుంబం. ఆవిడ కట్టుకొచ్చే చీరలు చూడ్డానికే మేం ఐదు నిమిషాలు ముందొచ్చేవాళ్ళం. ఏలూర్లో కొత్తిల్లు తీసుకున్నారు. పాలు పొంగించడానికి పిలవడానికని ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా, కారు మా గుమ్మం ముందు ఆగింది.

నేనింకా చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే ఉన్నాను. మీ తాతయ్య గోనెసంచి మీద స్కూటరు పక్కన, మోచేతుల దాకా నలుపు, చెవి మీద కూడా ఒక మరక.

మేడంగారు కారు దిగి, నవ్వుతూ, "అదృష్టవంతులండీ టీచరుగారూ! మెకానిక్ ఇంటికొచ్చి మరీ చేస్తున్నాడే. మా గూడెంలో అయితే పిలిస్తే పలికేవాళ్ళు, ఇక్కడ ఒక్కడూ దొరకట్లేదు" అన్నారు.

"మావారండీ." ఒక్క మాట. నాలుక మీద దాకా వచ్చింది తల్లీ, అబద్ధం చెప్పను. వచ్చి, ఆ చీర చూసి, ఆ కారు చూసి, వెనక్కెళ్ళిపోయింది. "అవునండీ," అన్నాను. "ఎప్పుడూ ఇతనే వస్తాడండీ. నమ్మకస్తుడు."

ఇతను! పెళ్ళైన దగ్గర్నించీ ఆయన లేని చోట కూడా "ఆయన" అనేదాన్ని, పక్కింటావిడతో దెబ్బలాడినప్పుడు కూడా "మావారు" అనేదాన్ని. ఇతనూ, వస్తాడూ.

"సార్ గారు లేరా మరి?"

"లేరండీ. తాడేపల్లిగూడెం వెళ్ళారు." నోటికి ఇంకే ఊరూ రాలేదు.

"ఓర్నాయనో, మా ఊరే! ఎవరింటికండీ?"

"ఆఫీసు పని మీదండీ."

"ఆదివారమా?"

ఇంక దొరికిపోయాననుకున్నాను. అప్పుడు స్కూటరు వెనకనించి మీ తాతయ్య, తల ఎత్తకుండానే, "అమ్మగారూ, కాస్త కిరసనాయిలుంటే ఇప్పించండి, చెయ్యి జారిపోతందండీ" అన్నారు. మేడంగారు ఆ మాటతో ఆదివారం సంగతి మర్చిపోయారు. ఆయన విన్నారు, అర్థం చేసుకున్నారు, నన్ను ఒడ్డున పడేశారు. నేను సిగ్గుపడాలి కదా అక్కడ? లేదు, నాకు హాయిగా అనిపించింది.

హాయిగా అనిపించి, ఇంకా ముందుకెళ్ళాను. ఇది రాయడానికి నీ చెయ్యి ఆగినా నువ్వు రాయాలి. టీ పెట్టాను. మేడంగారికి పింగాణీ కప్పులో ఇచ్చాను. ఆవిడ "పాపం అతనికీ ఇవ్వండి" అన్నారు. మీ తాతయ్య కప్పు వేరే ఉంది, అంచు మీద నీలం పువ్వులుంటాయి, ఇప్పటికీ అదే. దాన్ని తీస్తే ఎక్కడ తెలిసిపోతుందోనని, వంటింటి కిటికీలో పనివాళ్ళకని విడిగా పెట్టిన సొట్ట గ్లాసు తీశాను. దాంట్లో పోసి మెట్టు మీద పెట్టాను. చేతికి కూడా ఇవ్వలేదు.

అలాంటి గ్లాసంటే ఏంటో నాకు తెలీదా? మా అమ్మ పొలం పనికెళ్ళి, ఎవరెవరి వాకిళ్ళలోనో నిలబడి, చూరులోంచి తీసిచ్చిన గ్లాసులో తాగింది. "నువ్వు చదువుకో, నీకా గ్లాసు రాకూడదు" అనేది. నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను, నా కిటికీలో కూడా ఆ గ్లాసు పెట్టుకున్నాను. పెట్టుకుని మీ తాతయ్యకే ఇచ్చాను.

ఆయన గొంతుక్కూర్చుని తాగారు. తాగి, వీధి కుళాయి దగ్గర ఆ గ్లాసు తనే కడిగి, మెట్టు మీద బోర్లించారు. పనివాళ్ళు బోర్లించినట్టే, అచ్చం.

మేడంగారు వెళ్ళబోతూ, "ఏవయ్యా, మా ఇంట్లో మోటారు నీళ్ళు లాగట్లేదు, వచ్చే ఆదివారం వచ్చి చూస్తావా?" అన్నారు. "ఆయ్, అలాగేనండీ అమ్మగారూ" అన్నారీయన. కారు మలుపు తిరిగింది. అప్పుడు స్కూటర్ని ఒక పక్కకి ఒరగదీసి, నిలబెట్టి, కిక్కు కొట్టారు. ఒక్క కిక్కుకే అందుకుంది. నా వైపు తిరిగి, "మెకానిక్‌కి అన్నం పెట్టి పంపిస్తావా, లేక ఇప్పుడే వెళ్ళిపొమ్మంటావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వుదామని చూశాను, నోరు వంకర పోయింది తప్ప నవ్వు రాలేదు.

వారమంతా బతిమాలాను. "వెళ్ళొద్దండీ, నేనేదో చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

నిజం చెప్తానని మాత్రం అనలేకపోయాను. ఆదివారం ఆయన సైకిలు మీద వెళ్ళారు. మధ్యాహ్నం ఈ గళ్ళ చొక్కా చంకలో పెట్టుకుని వచ్చారు.

"నూతిలో పైపు అడుగున ఫుట్ వాల్వుంటుందే, దాంట్లో నాచు పట్టింది, అంతే. మేడంగారి ఆయన పాత చొక్కాట, ఇచ్చారు. మంచివాళ్ళోయ్. వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఉప్మా పెట్టారు. కాఫీ కప్పులో ఇచ్చారు."

నన్ను పొడవాలని అన్న మాట కాదు, ఆయనకది చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. నేను వంటింట్లోకెళ్ళి ఆ సొట్ట గ్లాసు తీసి పెంటకుప్పలో పారేశాను. పారేస్తే ఏం లాభం? ఆయన ఆ చొక్కాని రెండుగా చింపి, స్కూటరు తుడుచుకోడానికి డిక్కీలో పెట్టుకున్నారు. ఆ తర్వాత గుమ్మం ముందు గోనెసంచి పరవలేదు. వెనక పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, చీకటి మూల కూర్చుని చేసుకునేవారు. నేను పెరట్లోకి వెళ్ళమని అనలేదు. వీధిలోకి రమ్మనీ అనలేదు.

స్కూల్లో మేడంగారు "మీ మెకానిక్ ఎలా ఉన్నాడండీ" అని అడుగుతూనే ఉండేవారు. "బాగానే ఉన్నాడండీ" అంటూనే ఉండేదాన్ని. ఆవిడ పాలు పొంగించిన రోజున కూడా ఒక్కదాన్నే వెళ్ళి, మావారు ఊళ్ళో లేరన్నాను. అలా రెండేళ్ళు. చెప్పడానికి ప్రతి రోజూ వీలుండేది, ప్రతి రోజూ నిన్నటికంటే కష్టంగా ఉండేది.

నా రిటైర్మెంటొచ్చింది. రిటైర్మెంటు సభంటే తెలుసుగా, దంపతుల్ని పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, దండలేసి, శాలువాలు కప్పి, బట్టలు పెడతారు. భార్య పదవిలోంచి దిగినా భర్తకి కూడా శాలువా ఉంటుంది. పిల్లలు రెండు కుర్చీలకీ రంగు కాయితాలు అంటించారని ముందు రోజే వచ్చి చెప్పారు. కప్పేది ఎవరు? మేడంగారే. నాకు అన్నం సయించలేదు. పరువు పోతుందన్న భయమే తప్ప, ఆయన ఏమనుకుంటున్నారోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు, అది రాయి.

ఆ పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని తయారయ్యారు. నేను పట్టుచీర కట్టుకుని వచ్చేసరికి స్కూటరు దగ్గర నిలబడి, "క్లచ్చి వైరు తెగినట్టుందోయ్. నువ్వు ఆటోలో వెళ్ళు, నేను బాగుచేసుకుని వెనకాల వస్తాను" అన్నారు. అని, నా మొహంలోకి చూశారు.

అమ్మడూ, క్లచ్చి వైరు మార్చడానికి ఆయనకి పది నిమిషాలు. లంక రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళలో, నేను గొడుగు పట్టుకుంటే, మార్చిన మనిషి. డిక్కీలో ఎప్పుడూ కొత్త వైరుంటుంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. "ఏం పర్లేదండీ, ఇద్దరం ఆటోలోనే వెళ్దాం రండి" అంటానేమోనని చూశారు. నేను "సరేనండీ" అన్నాను. లోపల "అమ్మయ్య" అనుకున్నాను. ఆటో ఎక్కాక వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మేడంగారు "సార్ గారేరండీ" అన్నారు. "ఒంట్లో బాగోలేదండీ." ఆవిడ నాకు శాలువా కప్పి, రెండో శాలువా నా పక్కన ఖాళీ కుర్చీ మీద వేశారు. "ఇన్నేళ్ళూ టీచరుగారిని వానలో వరదలో భద్రంగా చేర్చిన సార్ గారికి మనందరి నమస్కారం" అని మైకులో అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కుర్చీ వైపు చూడలేక నా ఒళ్ళోని దండలో పూలు ఒక్కొక్కటీ తుంపుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన అదే ఇస్త్రీ చొక్కాతో, బూట్లతో, వసారాలో కూర్చుని ఉన్నారు. స్కూటరు లేదు. "షాపులో ఇచ్చేశాను. ఇంక అక్కడే ఇచ్చేద్దాం, నువ్వన్నట్టే" అన్నారు. చూశావా, నేను గెలిచాను! ఇన్నేళ్ళు పోరిన పోరు. ఆ తర్వాత ఆదివారాలు ఇంట్లో పానా చప్పుడు లేదు. ఎవడో విప్పాడు, ఎవడో బిగించాడు, వెనక కూర్చున్నప్పుడల్లా నాకు ఆ బ్రేకే గుర్తొచ్చేది. మేడంగారు బదిలీ మీద గూడెం వెళ్ళిపోయారు. ఆవిడకీ చెప్పలేదు, ఈయనకీ "తప్పైపోయిందండీ" అని ఇవాళ్టిదాకా అనలేదు. చర్చిలో మోకాళ్ళ మీద దేవుడికి చెప్పుకున్నాను, అది తేలిక. చెప్పాల్సిన మనిషి పక్క బెంచీలోనే కూర్చునేవారు.

అందుకని నువ్వొక పని చెయ్యాలి. రేపు ఆదివారం. తాతయ్యని అడుగు, ఆ స్కూటరు విప్పడం నాకు నేర్పండని. పెరట్లో కాదు, వీధి గుమ్మం ముందు, గోనెసంచి నేను పరుస్తాను. టీ ఆ నీలం పువ్వుల కప్పులో తెచ్చి, చేతికిస్తాను. వీధిలో పోయేవాళ్ళు ఎవరైనా సరే, అడిగినా అడక్కపోయినా సరే, ఆపి మరీ చెప్తాను. ముందు ఆయనకి చెప్పాలనుకో, వాళ్ళకంటే ముందు, ఇవాళే, "ఏవండీ, ఆ రోజు నేను మిమ్మల్ని" అని మొదలుపెట్టి... అదుగో, పిలుస్తున్నారు. వినపడిందా? మట్టగిడసల పులుసు దింపేశారట, చల్లారితే బాగోదట. ఆఁ, వస్తున్నానండీ! నాకు మోకాళ్ళ నెప్పులొచ్చిన కాణ్ణించీ వంట కూడా ఆయనే. లే, చెయ్యి పట్టుకో. ఆ గుడ్డ అక్కడే ఉండనీ, అన్నం దగ్గర కూర్చోగానే నువ్వు ఒక్క నిమిషం బయటకెళ్ళు, నేను ఆయనతో... ఇది రాయకు, బుక్కు మూసెయ్.