పటేలు గొడుగు మీద కొంగలు

ఇవాళ చెన్నూరులో ముసురు. దుర్బీనులో చూస్తే చింతచెట్టు మీద కొంగలు గూళ్లు కడుతున్నాయి. ఆ నీచు వాసన తగలగానే మా పాత కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

మా వాడ దోస్తులారా, ఆ ఇంటి ముందరి చింతచెట్టు యాదికుందా? తొలి కొంగ దిగిన రోజు మా అవ్వ, అదే మా అమ్మ, చెట్టు మొదట్లో పసుపునీళ్లు పోసేది. "పురుటికొచ్చిన ఆడబిడ్డలు, రాళ్లు ఇసరకుండ్రి" అని మనల్ని అదిలించేది.

మేము చొప్పదండి నుంచి చెన్నూరుకు బతకడానికి వచ్చినవాళ్లం. ఇంటాయన పటేలుకు మేమూ కొంగలూ ఒకటే. "ఏడికెల్లో వస్తరు, వాకిలంత గలీజు జేస్తరు" అంటూ గూళ్లలో పిల్లలుండగానే చెట్టు కొట్టించాడు. కిందపడి కొట్టుకుంటున్న పిల్లలను అవ్వ చాటలోకి ఏరింది. ఒక్కటీ బతకలేదు. అవ్వ పిడికెడు మన్ను తీసి ఆయన గడప మీద పోసింది. "గీ పిట్టల ఉసురు నీకు తాకుతది" అంది. మర్నాడే మమ్మల్ని వెళ్లగొట్టాడు.

ఇవాళ నేను చూస్తున్న చెట్టు ఆ పటేలు కొత్తింటి వాకిట్లోదే. దాన్ని కొట్టనీయొద్దని అటవీశాఖకు దరఖాస్తు పెట్టింది నేనే.

రెట్టలతో తెల్లబడ్డ గొడుగు పట్టుకుని పటేలు గేటు దాకా వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు, దుర్బీను చూసి అటవీశాఖ మనిషిననుకున్నాడు.

"గీటిని జర వెళ్లగొట్టియ్యి బిడ్డా, పరేషానైతుంది."

"పురుటికొచ్చినోళ్లను ఎట్ల వెళ్లగొడుత పటేలా? నీ గడప మీద మన్ను పోసినామె బిడ్డను నేను."

ఆయన నోరు తెరిచేలోపే గొడుగు మీద టప్పున ఇంకో రెట్ట పడింది. అది చూడటానికి నాకు దుర్బీను అక్కర్లేకపోయింది.