సున్నపు గీత చుట్టూ

మా పీటీ సారు పోయారు. సోమవారం పొద్దున నేను పాఠం చెబుతుండగా, చిన్నప్పుడు నాతో ఖోఖో ఆడిన స్నేహితురాలు ఫోన్ చేసింది. క్లాసులో ఫోన్ ఎత్తని నేను ఎందుకో ఎత్తాను. "సారు పోయిండే. చాయ్ తాగి కుర్చీల కూసున్నడట, అట్లనే ఒరిగిండట" అంది. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఈ సాయంత్రం గ్రౌండు ఎవరు చూసుకుంటారు అన్న ఆలోచన వచ్చింది. మనిషి పోయాడంటే ముందు తోచాల్సిన మాట అదేనా అని నా మీద నాకే చిరాకేసింది. అయినా సారును ఎరిగినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు.

ఎల్బీనగర్ మెయిన్ రోడ్డుకూ లోపలి కాలనీలకూ నడుమ ఉంటుంది మా సర్కారు హైస్కూలు. నల్గొండ పల్లెల నుంచి బతకడానికి వచ్చిన ఆటో డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, కొత్తపేట పండ్ల మార్కెట్లో మూటలు మోసిన హమాలీలు, వాళ్ల పిల్లలం మేము. గదులు చాలక రెండు తరగతులు వరండాలో నడిచేవి. గ్రౌండు మాత్రం దేవుడిచ్చినట్టు పెద్దది. చుట్టుపక్కల గజం ధర పెరిగే కొద్దీ అందరి కన్నూ దాని మీదే పడింది. ఒకాయన నీళ్ల ట్యాంకర్లు నిలుపుకుంటానన్నాడు. ఇంకొకాయన ఫంక్షన్లకు కిరాయికి ఇద్దామన్నాడు. అన్నిటికన్నా పెద్ద గండం, దాని మధ్యలోంచి పడిన బాట.

బడికి ముందొక గేటు, వెనకొక గేటు. సగం మంది పిల్లలు వెనక గేటు నుంచే వస్తారు కాబట్టి దాన్ని మూయడానికి లేదు. కాలనీ వాళ్లు మెయిన్ రోడ్డుకు పోవాలంటే ఆ గేటులోంచి వచ్చి, గ్రౌండుకు అడ్డంగా నడిచి, ఈ గేటులోంచి బయటపడేవాళ్లు. అట్లా నడిచి నడిచి నేల మీద తెల్లటి చార పడింది. సారు మా బడికి బదిలీ మీద వచ్చిన కొత్తలోనే మమ్మల్ని ఆ చార దగ్గర నిలబెట్టి చెప్పారు.

"ఇయ్యాల కాలిబాట. రేపు బండ్ల బాట. ఎల్లుండి తారు పోస్తరు. గప్పుడు మీరు ఏడ ఆడాలె?"

మర్నాటి నుంచే చట్టం అమల్లోకి వచ్చింది. గ్రౌండు చుట్టూ పొద్దున్నే సున్నంతో గీత గీసేవారు. గీత లోపల కాలు పెడితే ఆడాలి. ఆడనివాళ్లు ఎవరైనా సరే, గోడ వెంబడి చుట్టు తిరిగి పోవాలి. సంచులు మోస్తున్న ఆడవాళ్ల చేతిలోంచి ఆయనే సంచి అందుకుని, వాళ్ల పక్కనే చుట్టూ నడిచి ముందు గేటు దగ్గర అప్పగించేవారు. అంతేగానీ అడ్డం మాత్రం పోనిచ్చేవారు కాదు. మొండి మనిషి. ఆయన నోరు కూడా అంత మంచిది కాదు, పోయారు కదా అని అబద్ధం ఎందుకు చెప్పాలి!

మా పెద్ద మేడం, అంటే హెడ్మిస్ట్రెస్, గుంటూరు వైపు ఆవిడ. ఆవిడనూ ఆపారు. "ఏంటి మాస్టారూ, నన్ను కూడా తిప్పుతారా?" అని ఆవిడ కళ్లెర్రజేశారు. మీరు దాటితే బడంతా దాటుతుంది మేడం అన్నారు సారు. ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ గొడుగు వేసుకుని చుట్టూ నడవడం మొదలుపెట్టారు. రిటైరయ్యే రోజు సభలో, మీ పీటీ మాస్టారి పుణ్యమా అని నా షుగరు అదుపులో ఉంది అని చెప్పి అందరినీ నవ్వించారు. ఒకసారి పెళ్లి బరాత్ వచ్చి పడింది, గుర్రమూ బ్యాండూ సహా. సారు గీత మీద నిలబడ్డారు. పెద్దలు గొంతు పెంచారు. ఇంతలో పెళ్లికొడుకు సారును గుర్తుపట్టి గుర్రం దిగాడు, సారు అంతకుముందు పనిచేసిన బడిలో చదివినవాడు మరి. తనే కళ్లెం పట్టుకుని గుర్రాన్ని గోడ వెంట మళ్లించాడు. బ్యాండువాళ్లు వాయిస్తూ వెనకే పోయారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, కాలనీ పెద్దలు రోడ్డు కావాలని అర్జీ పెట్టేదాకా. సారు కాపలా లేని వేళల్లో జనం ఇంకా అడ్డంగానే నడిచేవాళ్లు, చార చెరగలేదు. ఎట్లాగూ జనం నడుస్తున్నారు, అక్కడ బాట ఉండనే ఉంది, దాన్నే రోడ్డు చేయండని రాశారు. సంతకాల్లో మా నాన్నదీ ఉంది. నాన్న ఆటో నడిపేవాడు. రోడ్డు పడితే ఇంటి నుంచి స్టాండుకు సీదా పోవచ్చు, అంత దూరం చుట్టు తిరిగే బాధ తప్పుతుంది. ఆయన లెక్క ఆయనది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఖోఖో జట్టులో ఉన్నాను. రెండు గదుల ఇంట్లో ఆరుగురం. ఇంట్లో గట్టిగా నవ్వినా పక్క వాటా వాళ్లు గోడ కొట్టేవాళ్లు. ఒంట్లో ఉన్నంత బలం పెట్టి ఉరకడానికీ, గొంతెత్తి అరవడానికీ నాకు లోకం మొత్తం మీద ఉన్న చోటు అదొక్కటే. అది పోతుందని తెలిసి నాకు అన్నం సహించలేదు. నాన్నతో చెప్పే ధైర్యమూ లేదు.

అర్జీ పెట్టిన కొన్నాళ్లకు, మేం ప్రాక్టీసులో ఉండగా నాన్న వెనక గేటులోంచి వచ్చి నేరుగా గ్రౌండులోకి దిగాడు. సారు ఎదురుపోయి ఆపారు.

"అన్నా, జర చుట్టు తిరిగి పో."

"నా బిడ్డ సదివే బడి సారూ ఇది. నాకే అడ్డం చెప్తవా?"

"నీ బిడ్డ గీడ ఉరుకుతది గనకనే చెప్తున్న. నువ్వు నడిచే కాడనే ఆమె ఉరుకుతది. ఒక్కపారి గా గీత బయట నిలబడి ఆట సూసి పో."

నాన్న ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. ఆ రోజు నేను ఎట్లా ఆడానో నాకు గుర్తులేదు. ఆట అయ్యేదాకా ఆయన కదల్లేదన్నది మాత్రం గుర్తుంది. ఇంటికెళ్లాక వంటింట్లో అమ్మను, గిది గిట్ల ఉరుకుతదని నాకెందుకు చెప్పలేదే అని అడగడం వినబడింది. మరునాటి నుంచి నాన్న గోడ వెంట నడిచాడు. ఆయన్ను చూసి ఆటో స్టాండు వాళ్లు, వాళ్లను చూసి మిగతావాళ్లు. మేము ఆ చారను తవ్వి, ఎర్రమన్ను పోసి, బకెట్లతో నీళ్లు చల్లి తొక్కాం. కొన్ని వానలు పడ్డాక బాట ఎక్కడుండేదో మాకే తెలియకుండా పోయింది.

తర్వాత ఒక ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. ఇక్కడ రోజూ జనం నడిచే దారి ఉందట కదా అని గేటు దగ్గర పోగైన వాళ్లను అడిగాడు. నాన్న ముందుకు వచ్చాడు.

"లేదు సార్. మేం చుట్టు తిరిగే పోతం. గిది పిల్లలు ఆడే జాగ."

సంతకం పెట్టింది నువ్వే గదరా అని స్టాండులో ఆయన్ను మస్తు తిట్టారు. గప్పుడు సూడలె, ఇప్పుడు సూసిన అని ఊరుకున్నాడు నాన్న. రోడ్డు మాట అంతటితో ఆగింది. సారు నాన్నకు కృతజ్ఞతలు చెప్పలేదు. అట్లాంటివి ఆయనకు రావు. సాయంత్రం మాకోసం తెచ్చిన బత్తాయిల్లోంచి ఒకటి వొలిచి సగం నాన్న చేతిలో పెట్టారు, అంతే.

ఆ బత్తాయిల సంగతీ చెప్పాలి. ఆట సగంలో ప్రతి జట్టుకూ ఉప్పు అద్దిన బత్తాయి తొనలు పెట్టేవారు. కొత్తపేట పండ్ల మార్కెట్లో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చేవారు. మార్కెట్టు ఊరి బయటికి వెళ్లిపోయాక రైతుబజారు బయట బండి మీద కొని, ఇవి బత్తాయిలా, సున్నపు ఉండలా అని రోజూ సణిగేవారు. సణుగుతూనే తెచ్చేవారు.

రిటైరయ్యాక కూడా ఆయన సాయంత్రాలు అక్కడే. గీత బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "ఆడని నేల అంగడి అయితది" అనేది ఆయన మాట. ఆదివారాలు, సెలవులు అయితే పాత విద్యార్థులకు ఫోన్లు మొదలయ్యేవి. ఇయ్యాల గ్రౌండుకు ఎవరొస్తున్నరని అడిగేవారు. ఎత్తకపోతే ఇంటికే వచ్చేవారు. నేను పెళ్లయి కర్మన్‌ఘాట్‌లో ఉంటున్నా నాకూ తప్పలేదు. నెలకో ఆదివారం చున్నీ నడుముకు చుట్టుకుని పోయి ఖోఖో ఆడేదాన్ని. నేను పెద్ద క్రీడాకారిణిని కాలేదు, జిల్లా పోటీలు దాటలేదు. ఇప్పుడు పనిచేసే నాలుగంతస్తుల బడిలో పిల్లలు సెల్లార్లో, స్కూటర్ల నడుమ నిలబడి చేతులు మాత్రం పైకెత్తి దించుతారు. వాళ్లను చూసినప్పుడల్లా సారు నాకు ఏమిచ్చారో తెలుస్తుంది. ఆయనకు ఆ మాట ఒక్కసారైనా చెప్పి ఉంటే బాగుండేది. చెబితే, గీ ముచ్చట్లు ఎందుకు, పోయి ఉరుకు అనేవారు.

మంగళవారం పొద్దున తీసుకెళ్లారు. ఆయన ఇల్లు బడి వెనక గల్లీలోనే. పైపులైను కోసం గల్లీ తవ్వి పెట్టడంతో వైకుంఠ రథం లోపలికి రాలేక మెయిన్ రోడ్డు మీద ఆగింది. అక్కడిదాకా పాడె భుజాల మీదే పోవాలి. ఇప్పటి హెడ్మాస్టరు రెండు గేట్లూ తెరిపించాడు. "సారును మధ్యలోంచే తీసుకుపోండి. ఆయన కాపాడిన గ్రౌండు, ఆ మర్యాద ఆయనకు దక్కాలి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

నిప్పుకుండ పట్టుకుని సారు కొడుకు ముందు నడుస్తున్నాడు. వెనక గేటు దాటి గీత దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ పొద్దున కూడా గీత గీశారు, ఇంకా తడి ఆరలేదు. ఎదురుగా ముందు గేటు కనబడుతోంది. పాడె ముందు కొమ్ము పట్టింది మా నాన్న. ముసలివాడు, మోయలేవని ఎంత చెప్పినా వినలేదు.

"సారు ఒప్పుకోడు కొడుకా" అన్నాడు నాన్న. "చుట్టు తిరిగి పోదాం."

కొడుకు గోడ వైపు తిరిగాడు. పాడె తిరిగింది. జనమంతా తిరిగారు. చివర్న గొడుగు వేసుకుని పెద్ద మేడం, ఆవిడ చెయ్యి పట్టుకుని నేను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మేమింకా వెనక గేటు దగ్గరే ఉండగా, అవతలి గోడ వెంట బంతిపూల పాడె మెల్లగా పోవడం కనబడుతోంది. ఆయనకూ మాకూ నడుమ గ్రౌండు ఖాళీగా ఉంది. సున్నపు గీత ఎక్కడా చెరగలేదు.