పావు అంగుళం జమేదారు

పోలీసు జమేదార్ ముక్తార్‌కు ఉన్నది ఒకటే పిచ్చి, కొలత. ధారూర్ రైలు గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగిందంటే చాలు, జేబులోంచి దర్జీ టేపు తీసి నంబరు ప్లేటు ముందు గొంతుక్కూర్చునేవాడు. అక్షరం ఎత్తెంత, గీత మందమెంత, అంకెకూ అంకెకూ మధ్య సందెంత, అన్నీ చట్టం పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. ఆ పుస్తకంలో తక్కిన పేజీలు ఆయన ఏనాడైనా తిప్పాడో లేదో గాని, ఆ ఒక్క పేజీ మాత్రం వేలిముద్రలతో నల్లబడిపోయింది.

అప్పటికి తాండూరు, వికారాబాద్ రెండు ఊళ్లూ కలిపినా మోటారు సైకిళ్లు ఇరవై దాటవు. ఆ ఇరవై మందికీ ముక్తార్ పేరు చెబితే చెమటలు పట్టేవి. ప్లేటు సరిగ్గా ఉంటే ఉందని కూడా అనడాయన. "ఇయ్యాల్టికి పో" అంటాడు, అంతే. "బరాబర్" అన్న మాట ఆయన నోట విన్నవాడు లేడు.

తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసే అనంతయ్య, తమ్ముడి పెళ్లికి ముక్తార్‌ను పిలిచి చేతులు కాల్చుకున్నాడు. బంతిలో జనం కూర్చున్నారు, పప్పు వడ్డించారు. ముక్తార్ టేపు తీశాడు.

"లేవుండ్రి! విస్తరికి విస్తరికి నడుమ సందు లేదు. ఎవరి పప్పు ఎవరి దిక్కు పోతదో ఎట్ల తెలుస్తది?"

"సాబ్, ఇవి విస్తర్లు, నంబరు ప్లేట్లు కావు" అన్నాడు అనంతయ్య, చేతులు జోడించి.

"ఏదైతేంది? సందుంటేనే సాఫ్ కనబడ్తది."

బంతంతా లేచి మళ్లీ కూర్చుంది. పప్పు చల్లారింది. పెళ్లికొడుకు మేనమామ అలిగిపోయాడు.

అలాంటి అనంతయ్య మరుసటేడు తనే మోటారు సైకిల్ కొన్నాడు. దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేవాడంటే, వెనక సీటు మాయకుండా దుప్పటి కప్పి తాడుతో కట్టాడు. దాని మీద భార్యనైనా కూర్చోనివ్వలేదు. ప్లేటు రాసే యోబు పక్కన బడిపిల్లల స్కేలు పట్టుకుని నిలబడి, సందు సందుకూ అర అంగుళం కొలిపించి రాయించాడు. ఇక ముక్తార్ తాత దిగొచ్చినా తప్పు పట్టలేడని మీసం దువ్వుకున్నాడు.

నిజమే, రెండు నెలలు "ఇయ్యాల్టికి పో" తోనే గడిచిపోయింది. ఒక సోమవారం పొద్దున మాత్రం ముక్తార్ ప్లేటు దగ్గరే ఉండిపోయాడు.

"ఏడుకు నాలుగుకు నడుమ ముప్పావు అంగుళం ఉంది. అర ఉండాలె."

"నేను దగ్గరుండి కొలిపిచ్చిన సాబ్!"

"టేపు అబద్ధం చెప్తదా? చూస్కో."

అనంతయ్య వంగి చూశాడు. నిజంగానే ముప్పావు. ప్లేటు ఎండకు సాగిందా ఏంది అనుకున్నాడు పాపం.

"చలాన్ రాస్త, అదాలత్‌కు పో. లేకుంటె జర నా మాటిను. గా ముసలామె శాంతవ్వకు రైలు తప్పిపోయింది. ఈమె బిడ్డ వికారాబాద్ దవాఖానల పడి ఉంది. కాన్పు కష్టమైంది, ఆపరేషన్‌కు ఇంటోళ్లు వేలిముద్ర వెయ్యాలంట. అల్లుడు బతుకుదెరువుకు బొంబాయి పోయిండు. ఈమెను దింపు."

గేటు పక్క రాయి మీద ఒక ముసలామె మూట ఒళ్లో పెట్టుకుని వణుకుతోంది. అనంతయ్య ఆమె వైపు చూశాడు, తన దుప్పటి వైపు చూశాడు, తాడు విప్పాడు.

శాంతవ్వ పరాయి మగవాడిని తాకడానికి మొహమాటపడి సీటు చివరన కూర్చుంది. ముక్తార్ పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, గంత సందు పెట్టకు! మీదికి జరుగు. కొడుకసోంటోడు, నడుము గట్టిగ పట్టుకో!"

జీవితంలో ఆయన సందు వద్దన్నది అదొక్కసారే. దారి పొడుగునా శాంతవ్వ "దేవుడా, దేవుడా" అని అరుస్తూనే ఉంది. వేలిముద్ర వేళకే పడింది. సాయంత్రానికి తల్లీ, మగపిల్లవాడూ క్షేమం.

రంజాన్ పండక్కి ముక్తార్ ఇంట్లో షీర్ ఖుర్మా తాగుతున్నప్పుడు అనంతయ్యకు కుట్టుమిషను మీద ఆ టేపు కనిపించింది. చేతిలోకి తీసుకోబోతే ముక్తార్ భార్య ఉమ్రావ్ బేగం గట్టిగా నవ్వింది.

"గా కొస పట్టకు అన్నా, అది మా సాబ్ ఖరాబ్ చేసిన కొస. పావు అంగుళం కోసి, ఇత్తడి రేకు మళ్ల తొడిగిండు. దాంతోని కొలిస్తె పావు ఎక్కువ చూపిస్తది. ఇంకో కొస మంచిదే. గేటు కాడ ఎవరన్న పరేషాన్‌ల ఉంటేనే గీ కొస తీస్తడు. ఉత్తగ అడిగితె ఎవరు ఎక్కించుకుంటరంటడు."

అనంతయ్య షీర్ ఖుర్మా గిన్నె కింద పెట్టాడు. దుప్పటి గుర్తొచ్చి సిగ్గేసింది. మర్నాడే దాన్ని తీసి, సీటుకు ఒక పట్టీ కుట్టించాడు, ఎక్కినవాళ్లు పట్టుకోవడానికి. ఆ తర్వాత ముక్తార్ తన ప్లేటులో తప్పు పట్టినప్పుడల్లా గుండెలు బాదుకున్నట్టు నటించాడు. రహస్యం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్లకు ముక్తార్ రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన జమేదార్ భీమయ్య కొలతలంటే నవ్వే మనిషి. వీడ్కోలు రోజున, పీడ విరగడైందని మోటారు సైకిళ్లవాళ్లంతా గేటు దగ్గరికి పూలదండలతో వచ్చారు. అనంతయ్య ఒక కొత్త టేపు తెచ్చి ముక్తార్ చేతిలో పెట్టాడు.

"గేటు కాడ ఉండాల్సిన సామాను సాబ్. మీ చేత్తోనే భీమయ్య సాబ్‌కు ఇయ్యుండ్రి."

ఊరుకుంటాడా ఆయన? తన పాత టేపు తీసి, దాని మంచి కొసను కొత్తదాని పక్కన పరిచి కొలిచాడు. ఒక కొస సరిపోయింది. తిప్పి రెండో కొస కొలిచాడు. పావు అంగుళం పొట్టి. ఇత్తడి రేకు కూడా కొత్తగా తొడిగి ఉంది.

ముక్తార్ తలెత్తి అనంతయ్యను చూశాడు. అనంతయ్య ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ఏంది సాబ్, కొత్తదాంట్ల గూడ తప్పున్నదా?" అన్నారెవరో నవ్వుతూ.

ముక్తార్ కొత్త టేపును జాగ్రత్తగా చుట్టి, "ఇంటికొచ్చి పో భీమయ్యా, ఇది ఎట్ల వాడాల్నో చెప్త" అని అతని జేబులో పెట్టాడు. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు.

"బరాబర్ ఉంది."