ఒట్టి నీళ్ళలోనే కలపాలి

మా ఆయనకు రక్తంలో పొటాషియం ఎక్కువైందని తెలిసినప్పటి నుంచి కొబ్బరిబొండం కనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వేవాళ్ళు నవ్వండి. కిడ్నీలు సరిగా పనిచెయ్యని మనిషికి ఆ నీళ్ళు ఎంత చెరుపో ధర్మపురిలో డాక్టరమ్మ నాకు తమిళంలో విడమరిచి చెప్పింది. పొటాషియం ఇంకా పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చంది. దాన్ని దించడానికి ఒక పొడి రాసిచ్చింది. ఒట్టి నీళ్ళలోనే కలపాలి, పళ్ళరసాల్లో కూడదు. మిగతా మాత్రలకూ దీనికీ మూడు గంటలు ఎడం ఉండాలి. విరేచనం కాకపోతే ఓర్చుకుని కూర్చోకుండా వెంటనే వచ్చి చెప్పాలి. మా కిరాణా అంగట్లో గడియారం చూసుకుంటూ ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాను.

అయినా మళ్ళీ పరీక్ష చేయిస్తే పొటాషియం తగ్గకపోగా ఇంకా పెరిగింది. "పొడి సరిగ్గా ఇస్తున్నావా అమ్మా?" అని డాక్టరమ్మ నన్నే నిలదీసింది. ఇస్తున్నానని ఒట్టు పెట్టుకున్నాను. పక్కనే కూర్చున్న మా ఆయన ఏమీ ఎరగనట్టు ఫ్యాను చూస్తున్నాడు. ఆమె పొడి మోతాదు పెంచింది. తలకొట్టేసినట్టయి ఇంటికి వచ్చాను.

ఆ వారంలోనే అసలు సంగతి బయటపడింది. మా ఆయన అక్క కడత్తూరులో ఉంటుంది. కొబ్బరితోట ఉంది. తమ్ముడికి బాగాలేదని తెలిసినప్పటి నుంచి సంచి నిండా బొండాలతో బస్సెక్కి వస్తూనే ఉంది. జబ్బు మనిషిని చూడడానికి మాలో ఉత్త చేతులతో పోరు. తెచ్చినదాన్ని వాళ్ళ కళ్ళ ముందే ఇంత నోట్లో వేసుకోకపోతే వాళ్ళను తీసిపారేసినట్టే. ఇవి ఈయనకు పడవని ఆమెకు మొదట్లోనే చెప్పాను. తల ఊపింది. ఆమె వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం పొడి కలిపి ఇచ్చే పని ఆమెకే అప్పజెప్పి నేను అంగట్లో కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం తాళంచెవి మరిచిపోయి అంగడి నుంచి ఇంట్లోకి వచ్చానా, వంటింట్లో ఆమె బొండం నీళ్ళలో పొడి వేసి చెంచాతో తిప్పుతోంది.

"ఏం చేస్తా ఉండారు వదినా?"

"ఒట్టి నీళ్ళలో వానికి గొంతు దిగలేదంట మే. మన్ను తిన్నట్ల ఉందంట. ఎళనీరులో అయితే గటగటా తాగేస్తాడు. ఒంటికి చలవ కూడాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను వచ్చినప్పుడంతా ఇట్లనే ఇస్తా ఉండాను."

దించే మందును పెంచే నీళ్ళలో కలిపి ఇస్తోంది, అదీ నా వంటింట్లో! గ్లాసు లాక్కుని సింకులో కుమ్మరించాను. పెద్దదని కూడా చూడలేదు. "మీ తమ్ముని గుండె ఆగిపోతే మీ తోట తెచ్చిస్తుందా?" అని వీధికి వినిపించేలా అరిచాను. నేను పెట్టిన అన్నం ముట్టకుండానే వదిన వెళ్ళిపోయింది.

మా ఆయన మంచం మీద నుంచే గొణిగాడు. "అక్కను ఆకలితో పంపిస్తివే."

"పడదని తెలిసే తాగినారు కదా మీరు?"

"అంత దూరం నుంచి మోసుకొని వస్తే వద్దని ఎట్ల చెప్పేది? మనసు నొచ్చుకోదా?"

"ఆమె కోపం తగ్గితే మళ్ళా వస్తుంది. మీరు పోతే మళ్ళా వస్తారా?"

వెంటనే ఆటో పిలిచి, డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, ఆయన నోటితోనే అంతా చెప్పించాను. ఆమె తిడుతుంటే నాకు కడుపు చల్లబడింది. మళ్ళీ పరీక్షకు రాసింది. బొండాలు మానేశాక పొటాషియం దిగడం మొదలైంది.

వదిన చాన్నాళ్ళు రాలేదు. వచ్చిన రోజు చేతిలో మళ్ళీ అదే సంచి. అది చూడగానే నేను కొట్లాటకు లేచాను. ఆమె గడప దాటకుండా అక్కడే నిలబడి సంచిలో నుంచి ఒక సీసా తీసింది.

"నీళ్ళే మే. మా బావివి. కాంచి, వడగట్టి తెచ్చినాను. ఉత్త చేతుల్తో ఎట్ల వచ్చేది?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపమైతే అప్పటికీ పోలేదు. సీసా తీసుకుని ఆ నీళ్ళలోనే పొడి కలిపి వదిన చేతికే ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు కింద పెట్టేదాకా అక్కాతమ్ముళ్ళిద్దరినీ చూస్తూ అక్కడే నిలబడ్డాను.