టైలరమ్మ మెడలో టేపు

మా అక్క పోయి ఏడాది అవుతోంది. ఇప్పటికీ ఎవరైనా కనిపించి "మీ అక్కది ఎంత ఓర్పండీ" అంటే నాకు నవ్వొస్తుంది. ఓర్పు నిజమే. ఆ ఓర్పు పక్కనే ఎంత కుళ్లు ఉండేదో వాళ్లకి తెలీదు. నేను అదే రాస్తాను. అది వదిలేస్తే ఈ కాగితం మీద మిగిలేది మా అక్క కాదు, ఇంకెవరో మహాతల్లి.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. మూడో అంతస్తులో ముందు గది కుట్టు మిషనుది, వెనక రెండు గదుల్లో అక్కా, బావా, నేనూ ఉండేవాళ్లం. పెళ్లికి ముందు పని నేర్చుకున్నప్పటి టేపే ఎప్పుడూ మెడలో వేలాడుతుండేది. కొలతకి మనిషి రావాల్సిందే. కాగితం మీద అంకెలు రాసి పంపితే తిప్పి పంపేసేది. "అంకెకి భుజాలుంటాయా?" అనేది. ఒక్క బావకి మాత్రం టేపు పెట్టేది కాదు. ఎదురుగా నడిచొస్తుంటే ఓసారి చూసి గుడ్డ మీద కత్తెర వేసేసేది. "నా మొగుడి కొలతలు నా కంట్లో ఉన్నాయి" అని పదిమందిలో గొప్పలు పోయేది.

బావ లిఫ్టులు బాగుచేసేవాడు. మా భవనానికే లిఫ్టు లేదు. "ఊరందరినీ పైకి లేపుతాడు, పెళ్లాన్ని మాత్రం మెట్లెక్కిస్తాడు" అని అక్క దెప్పేది. ఒకరోజు పనిలో తలుపు తెరిచి అడుగు వేశాడు. అక్కడ ఉండాల్సిన లిఫ్టు పైనెక్కడో ఆగిపోయి ఉంది. రెండంతస్తుల లోతున గుంటలో పడ్డాడు. ఎడమ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. నడుము కింద ఎముక చీలింది. మూడు ఆపరేషన్లు చేసి, తొడలో కడ్డీ వేసి, రెండు నెలలకి ఇంటికి పంపారు. అప్పటికి ఆ కాలు సగమైంది. పెద్ద డాక్టరు అక్కతో అన్న మాట నేనూ విన్నాను: "ఈ మూడు నెలలే మీ చేతిలో ఉన్నాయమ్మా. కండ పట్టి, మోకాలు వంగితే నడుస్తాడు. లేదంటే జన్మంతా చంకలో కర్రలే."

ఆ కండ పట్టించడానికి మంగళవారం, శుక్రవారం ఒక ఫిజియో వచ్చేది. సన్నగా, చలాకీగా ఉండేది. గుమ్మంలోంచే "ఏం సార్, కాలు ఏమంటోంది?" అని పలకరించేది. అక్క ఆమెకి తెల్లకోటు అని పేరు పెట్టింది.

మొదటి రోజే ఆ తెల్లకోటు జేబులోంచి టేపు తీసింది. మోకాలికి బెత్తెడు పైన పెన్నుతో ఒక చుక్క పెట్టి, అక్కడ బావ తొడ చుట్టూ టేపు తిప్పి, చదివి, పుస్తకంలో రాసుకుంది. ప్రతిసారీ అదే చోట కొలవాలట. మిషను ముందు కూర్చుని తలుపులోంచి చూస్తున్న అక్క పాదం ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తను ఒక్కసారీ టేపు పెట్టని ఒంటి మీద ఇంకొకామె టేపు పెట్టింది, పైగా గుర్తు కూడా పెట్టి పోయింది. ఆ సాయంత్రం ఒళ్లు తుడుస్తూ ఆ చుక్కని సబ్బు పెట్టి తోమింది. "చర్మం ఊడొస్తుందే" అని బావ మొత్తుకున్నా వదల్లేదు. శుక్రవారం ఆమె మళ్లీ చుక్క పెట్టింది. అక్క మళ్లీ తోమింది.

"నేను కాలెత్తమంటే అమ్మా అయ్యా అంటావు. ఆవిడ ఎత్తమంటే పది లెక్కపెడతావు" అంది అక్క ఓ రోజు.

"ఆ అమ్మాయి ముందు ఏడిస్తే పరువు పోదూ?"

"నా ముందు పోదా?"

"నీ దగ్గర ఉంటేగా, పోవడానికి!"

నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. ఇంత నొప్పిలోనూ ఆయనకి నవ్వు వస్తోందంటే అది మంగళవారం అయ్యుంటుందని ఆమె లెక్క.

ఐదో వారంలో తెల్లకోటు టేపు చదివి చప్పట్లు కొట్టింది. "నలభై మూడు! పోయిన వారం నలభై రెండే. ఒక సెంటీమీటరు కండ పెరిగింది సార్!" బావ మొహం వెలిగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగిందో లేదో, అక్క మెడలోంచి టేపు లాగి అదే చుక్క మీద చుట్టింది. నలభై రెండు. మళ్లీ చుట్టింది. నలభై రెండే.

"ఏమీ పెరగలేదు. నిన్ను చంటిపిల్లాణ్ణి చేసి బుజ్జగిస్తోంది" అంది.

బావ ఆమె మొహంలోకి చూశాడు. కొలత విషయంలో అక్క మాటకి తిరుగు లేదు. గోడ వైపు తిరిగాడు.

తర్వాతి మంగళవారం అక్క గుమ్మంలోనే నిలబడి, "ఇక రానక్కర్లేదమ్మాయ్, నేనే చేయిస్తాను" అని తలుపు వేసేసింది. చేయించబోయింది కూడా. "పెరగని కాలికి ఇదంతా ఎందుకే" అని బావ కాలు కదపలేదు. మూడు వారాలు గడిచాయి. మొగుడు పూర్తిగా ఆమెవాడయ్యాడు, గోడ వైపు తిరిగి.

ఆ రోజుల్లోనే ఒక హోటలు మేనేజరు పనివాళ్లకి ఇరవై చొక్కాలు కుట్టమన్నాడు. రోగి ఉన్న ఇంటికి ఇరవై మందిని రమ్మనడం కుదరదని, అక్క మొదటిసారి కాగితం మీద కొలతలు తీసుకుంది. కుట్టి ఇచ్చింది. రెండో రోజే మేనేజరు మూట మోసుకొచ్చాడు.

"మా వాళ్లంతా ఒక్క వారంలో చిక్కిపోయారా టైలరమ్మా? ఒక్కో కాలరులో ఇద్దరు పడుతున్నారు."

అక్క ఒంటికాలి మీద లేచింది. నన్ను కింద బట్టల కొట్టుకి పంపి ఇనప మీటరు బద్ద తెప్పించి, మేనేజరు ముందే దాని పక్కన టేపు పరిచింది. బద్ద చివరికి వచ్చేసరికి వంద ఉండాలి. తొంభై ఏడున్నర ఉంది. ఏళ్ల తరబడి లాగీ లాగీ టేపు సాగిపోయింది. ఇన్నాళ్లూ మనిషిని కొలిచిందీ దాంతోనే, గుడ్డ కత్తిరించిందీ దాంతోనే. ఇక తప్పు ఎక్కడ బయటపడుతుంది? ఈసారి కాగితం మీది అంకెలు మాత్రం ఇంకొకరి టేపువి.

చొక్కాలు సరిచేస్తానని మేనేజర్ని పంపేసి, నా వైపు చూసింది. "నలభై రెండు కాదే" అంది. "నలభై మూడే."

లోపలికెళ్లి మంచం పక్కన నిలబడింది. "ఏమయ్యా, నీ కాలు పెరిగింది. సాగింది నా టేపు."

బావ ఇటు తిరిగాడు. "అంటే ఆ అమ్మాయి..."

"అవును, నిజమే చెప్పింది. ఆ మాట ఇంకోసారి నాతో అనిపించకు."

మరునాడు క్లినిక్కుకి నన్ను తోడు తీసుకెళ్లింది. టేపు బల్ల మీద పెట్టి విషయం చెప్పింది. తన కడుపుమంట తప్ప మిగతా అంతా చెప్పింది. తెల్లకోటు టేపుని ఓసారి లాగి చూసి, "మూడు వారాలు పోయాయండీ" అంది. తిట్టి ఉంటే అక్కకి తేలికయ్యేది.

ఆ శుక్రవారం కొలిస్తే నలభై ఒకటిన్నర. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి చుక్క అక్కే పెట్టింది. టేపు చివర పట్టుకుంది కూడా, మూతి మూడు వంకరలు తిప్పుకుంటూనే.

బావ మొదటిసారి మెట్లు దిగిన రోజు ఫిజియో అక్కతో అంది, "మీరు కింద నిలబడండి. మీ దగ్గరికే వస్తారు." అక్క మెట్ల వైపు చూసింది, బావ వైపు చూసింది. "వద్దు. నువ్వు కింద ఉంటేనే ధైర్యంగా దిగుతాడు. నువ్వే నిలబడు" అంది. తను వెనక నుంచి ఆయన బెల్టు పట్టుకుంది. మూడు అంతస్తులు, అరగంట. ఆఖరి మెట్టు దిగి బావ, "చూశావామ్మా!" అని అరిచాడు. ఎదురుగా ఉన్న ఆమెతో.

కర్రలు పోయాయి. మోకాలు మాత్రం పూర్తిగా వంగలేదు. ఆ మూడు వారాల వల్లేనా అంటే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. అక్క తనకి తానే తేల్చుకుంది.

చివరి రోజుల్లో ఓసారి అడిగాను, "తెల్లకోటు మీద ఇంకా కుళ్లేనా?" అని.

"కుళ్లు కాదా మరి? మొహం ఆవిడ చూసింది. నాకు దక్కింది వీపేగా" అంది.

వెనక నుంచి ఆ వీపునీ, ఆ కాళ్లనీ చూస్తూ దిగిన అరగంటలో ఆమె ఇంకోటి కూడా కనిపెట్టింది. ఎముక అతుక్కున్నాక ఎడమ కాలు వేలి మందం పొట్టిదైంది. ఆ తర్వాత కుట్టిన ప్రతి ప్యాంటుకీ ఎడమ కాలు వేలి మందం తక్కువే కత్తిరించింది, టేపు పెట్టకుండా. బావ కాలు పొట్టిదైనట్టు బట్టల్లో ఎవరికీ కనిపించలేదు. ఆ కత్తిరింపు సంగతి బావకే తెలీదు.

పోయిన వారం ఆయన కొట్లో కొన్న ప్యాంటు వేసుకుని వచ్చాడు. ఎడమ కాలి అంచు నేలకి రాసుకుని మట్టి పట్టి ఉంది.